కలకత్తాలో ఆగిపోయిన మూడు విమానాలు

కనుమ నాడు కాకైనా కదలదంటారు. సంక్రాంతికి విశాఖపట్నంలో మా అమ్మానాన్నల ఇంట్లో చేరిన మేం ఐదుగురం ఆ మాటను అక్షరాలా పాటించాం. ఉదయం పదింటికి హాల్లో చాప మీద కూర్చున్నవాళ్ళం, గారెలూ కోడికూరా తినడానికి తప్ప, రాత్రి ఒంటిగంట దాటేదాకా లేవలేదు. చాప మధ్యలో పరిచి ఉన్నది రెండో ప్రపంచ యుద్ధపు పటం. దాని మీద వందల కొద్దీ ప్లాస్టిక్ సైనికులు, ట్యాంకులు, ఓడలు, విమానాలు. ఆట పేరు యాక్సిస్ అండ్ అలైస్. ఆ ఆటలో మా జట్టు ఓడిపోయింది. ఓడిన రాత్రి ముగ్గురం కలిసి పాచికలను తిట్టుకుని పడుకున్నాం. మర్నాడు ముక్కనుమ పూట, ఆట సాగినంతసేపూ లెక్కలు రాసుకున్న నోట్‌బుక్‌ను ముందు పెట్టుకుని ఒక్కొక్క రౌండే తిరగేస్తూ వస్తే, పాచికల మీద నెపం వేయడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

ఈ ఆటను రూపొందించినవాడు లారీ హారిస్ అనే అమెరికన్. మొదట 1981లో ఒక చిన్న సంస్థ ప్రచురించింది. 1984లో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ పెద్ద పెట్టెలో తెచ్చాక లోకానికి తెలిసింది. మేం ఆడినది ఆ ఆటలో '1942' అనే రూపానికి 2012లో వచ్చిన రెండో ఎడిషన్. మా బావగారు అమెరికా నుంచి వస్తూ సూట్‌కేసులో బట్టలు తగ్గించుకుని మరీ ఆ పెట్టెను తెచ్చారని మా అక్క ఇప్పటికీ దెప్పుతుంటుంది. ఆట 1942 వసంతంలో మొదలవుతుంది. ఒక పక్క జర్మనీ, జపాన్; ఇంకో పక్క సోవియట్ యూనియన్, బ్రిటన్, అమెరికా. జర్మనీ బావగారిది, జపాన్ ఇంజినీరింగ్ చదువుతున్న వారి అబ్బాయిది. మా వైపు సోవియట్ యూనియన్ మా తమ్ముడిది, అమెరికా మా పిన్ని కూతురిది, బ్రిటన్ నాది.

ఆడనివాళ్ళ కోసం ఆట తీరు కొంత చెప్పాలి, లేకపోతే మేం ఎక్కడ దెబ్బతిన్నామో అర్థం కాదు. ప్రతి దేశానికీ దాని చేతిలో ఉన్న భూభాగాలను బట్టి ఆదాయం వస్తుంది. ఆ ఆదాయాన్ని ఐపీసీలలో లెక్కిస్తారు. మన దగ్గర ఐపీసీ అంటే పోలీస్ స్టేషన్ గుర్తొస్తుంది కనుక మా నాన్న పేపరు చదువుకుంటూనే రెండు మూడుసార్లు తలెత్తి చూశారు. మొదట్లో సోవియట్ చేతిలో 24, జర్మనీకి 41, బ్రిటన్‌కు 31, జపాన్‌కు 30, అమెరికాకు 42 ఉంటాయి. మూడు ఐపీసీలకు ఒక కాల్బలం, నాలుగింటికి ఒక ఫిరంగి, ఆరింటికి ఒక ట్యాంకు, పదింటికి ఒక యుద్ధ విమానం దొరుకుతాయి. పోరులో ప్రతి పావుకూ ఒక పాచిక వేస్తారు. కాల్బలం దాడికి వెళ్తే ఒకటి పడితేనే దెబ్బ తగులుతుంది, కాపలాలో ఉంటే ఒకటి పడినా రెండు పడినా తగులుతుంది. యుద్ధ విమానానికి దాడిలో మూడో అంతకంటే తక్కువో, కాపలాలో నాలుగో అంతకంటే తక్కువో పడాలి. అంటే కాపలా కాసే యుద్ధ విమానం మూడుసార్లలో రెండుసార్లు ఎవరినో ఒకరిని పడగొడుతుంది. ఈ ఒక్క లెక్కా గుర్తుంటే చాలు.

పటం మీద 13 ముఖ్య నగరాలుంటాయి. వాటికి ఇంగ్లీషులో ఉన్న పేరును మేం 'విజయనగరాలు' అని తెలుగు చేసుకున్నాం. వంటింట్లోంచి అమ్మ "విజయనగరం ఎవరిదిరా ఇప్పుడు?" అని అడిగితే ఏం చెప్పాలో తెలిసేది కాదు. మొదట్లో బెర్లిన్, పారిస్, రోమ్, టోక్యో, షాంఘై, మనీలా ఈ ఆరూ వాళ్ళవి, మిగిలిన ఏడూ మావి. రౌండు పూర్తయ్యేసరికి వాళ్ళ చేతిలో తొమ్మిది ఉంటే వాళ్ళు గెలిచినట్టు. సోవియట్, జర్మనీ, బ్రిటన్, జపాన్, అమెరికా, ఈ వరసలో వంతులు తిరిగితే ఒక రౌండు. అంటే ఏ రౌండులోనైనా ఆఖరి మాట అమెరికాది.

జట్టు ఆటగా దీన్ని నిలబెట్టేది ఇంకొక నియమం. మిత్రదేశాల బలగాలు ఒకే చోట ఉంటే కలిసి కాపలా కాయవచ్చు గాని కలిసి దాడి చేయడానికి లేదు. ఎవరి వంతులో వాళ్ళు ఒంటరిగానే వెళ్ళాలి. మాస్కోను కాపాడడానికి బ్రిటిష్ విమానం వచ్చి రష్యా సైనికుడి పక్కన నిలబడుతుంది గాని, పారిస్ మీదికి నేనూ మా చెల్లెలూ ఒక్క పాచికల గుప్పెటతో వెళ్ళలేం. చదరంగంలోనో పులిజూదంలోనో పెరిగిన మాబోటివాళ్ళకు ఈ సంగతి తలకెక్కుతుంది గాని చేతికి రాదు. పటం చూడగానే ఎవరి రంగు పావులను వాళ్ళే లెక్కపెట్టుకుంటాం.

మొదటి రెండు రౌండ్ల గురించి ఎక్కువ చెప్పను. మా తమ్ముడు మొదటి వంతులోనే పశ్చిమ రష్యా, ఉక్రెయిన్‌ల మీద పడ్డాడు. రెండూ దక్కించుకుని, ఉక్రెయిన్‌లో ఉన్న ఒక జర్మన్ విమానాన్ని కూడా కూల్చాడు. బావగారు తొణక్కుండా, నా వంతు వచ్చేలోపు అట్లాంటిక్‌లో నాకున్న ఓడల్లో చాలావాటిని ముంచేశారు. మేనల్లుడు హవాయి దగ్గర అమెరికా నౌకాదళాన్ని దెబ్బతీసి ఆసియా మీదికి తిరిగాడు. ఇదంతా ఇంచుమించు అందరూ ఆడే తీరే. తేడా వచ్చింది ఆ తర్వాత, ముఖ్యంగా నా వల్ల.

నా చేతిలోని బ్రిటన్‌కు రెండు చోట్ల కర్మాగారాలుంటాయి. ఒకటి లండన్‌లో, రెండోది ఇండియాలో. ఇండియా విలువ మూడు ఐపీసీలు కాబట్టి అక్కడ ఒక్కో వంతులో మూడు పావుల కంటే దింపడానికి లేదు. జపాన్ మనసు పెట్టి వస్తే ఆ మూడేసి పావులతో కలకత్తాను ఎల్లకాలం నిలబెట్టడం కష్టమని ఈ ఆట నాలుగుసార్లు ఆడిన ఎవరికైనా తెలుస్తుంది. నాకూ తెలుసు. అయినా మొదటి వంతు నుంచీ వీలైనదంతా అక్కడికే చేరవేశాను. దానికి కారణం ఆటలో లేదు.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు మా ఊరి మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అప్పటికి మా అమ్మమ్మకు పదేళ్ళు. పాత ఊళ్ళో ఇల్లు ఉన్నదున్నట్టు తాళం వేసి, బియ్యపు బస్తా, ఇత్తడి బిందెలు, ఒక ఆవునూ దూడనూ వెంటబెట్టుకుని విజయనగరం అవతల ఒక పల్లెకు వెళ్ళిపోయారట. ఆవిడ ఆ కథ చెప్పినప్పుడల్లా బాంబుల గురించి రెండు ముక్కలు, దారిలో తప్పిపోయి మర్నాడు దొరికిన ఆ దూడ గురించి పది ముక్కలు చెప్పేది. బీచ్ రోడ్డులో ఉన్న విశాఖ మ్యూజియంలో అప్పటి జపాన్ బాంబు ఒకటి పెట్టారు. చిన్నప్పుడు దాని ముందు నిలబెట్టి మా అమ్మమ్మ నాకు తన ఊరిని చూపించింది. పటం మీద సరిగ్గా ఆ వసంతమే. ఇండియా అని రాసి ఉన్న ఆ ముక్కలో కలకత్తాకు మాత్రమే చుక్క ఉంది గాని, దాని కింద తీరం వెంట నా వేలు ఎక్కడ ఆగేదో నాకు తెలుసు. ఆ ముక్కను మేనల్లుడికి అప్పగించి పోవడం నా వల్ల కాలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. రెండో రౌండులో మా చెల్లెలు అమెరికా డబ్బు ఎక్కడ పెట్టాలని అడిగింది. అట్లాంటిక్‌లో రవాణా ఓడలు కట్టి ఐరోపాలో దిగడమా, పసిఫిక్‌లో నౌకాదళం పెంచి జపాన్‌ను వెనక్కి లాగడమా అన్నది ఆమె ప్రశ్న. తమ్ముడు ఐరోపా అన్నాడు. నేను పసిఫిక్ అన్నాను. జపాన్ ఓడలు అటు తిరిగితే ఇండియాకు ఊపిరి అందుతుందని అరగంట వాదించాను. పెద్దవాణ్ణి కావడం ఒకటి, వాదనలో గొంతు పెద్దది కావడం ఒకటి, ఆ రెండింటితో నా మాట నెగ్గింది. రెండు, మూడు రౌండ్లలో అమెరికా సంపాదనంతా, దాదాపు 80 ఐపీసీలు, శాన్ ఫ్రాన్సిస్కోలో ఓడలయ్యాయి. మేనల్లుడు వాటిని చూసి భయపడలేదు. తన ఓడలను జపాన్ దగ్గరే గుంపుగా నిలిపి, ట్యాంకులను బర్మా వైపు నడిపించుకుంటూ పోయాడు. నాలుగో రౌండులో మా చెల్లెలు తల పట్టుకుని, "అన్నయ్యా, నేనిక్కడ ఎవరితో యుద్ధం చేస్తున్నాను?" అని, డబ్బును అట్లాంటిక్ వైపు మళ్ళించింది. అమెరికా తూర్పు తీరంలో కొన్న బలగం ఐరోపా గట్టెక్కడానికి రెండు వంతులు పడుతుంది. ఆ ఆలస్యం ఎక్కడ బయటపడిందో తర్వాత చెబుతాను.

నాలుగో రౌండులో నా వంతు వచ్చేసరికి పరిస్థితి ఇది. కలకత్తాలో నాకు తొమ్మిది కాల్బలాలు, ఒక ఫిరంగి, మూడు యుద్ధ విమానాలు ఉన్నాయి. బర్మాలోనూ, బంగాళాఖాతంలో రవాణా ఓడల మీదా కలిపి మేనల్లుడికి ఆరు కాల్బలాలు, రెండు ఫిరంగులు, మూడు ట్యాంకులు, వాటికి తోడు ఐదు యుద్ధ విమానాలు, ఒక బాంబర్ ఉన్నాయి. లెనిన్‌గ్రాడ్ అంతకుముందు రౌండులోనే జర్మనీ చేతికి పోయింది. మా తమ్ముడు తన పావులను రెండు చేతులతో పోగుచేసి మాస్కోలోకి లాక్కుంటూ, నా వైపు చూడకుండానే అన్నాడు: "ఆ మూడు ఫైటర్లు నాకు పంపించెయ్ అన్నయ్యా. కాల్బలం సంగతి నీ ఇష్టం. కలకత్తా ఎలాగూ పోతుంది."

విమానం ఒక వంతులో నాలుగు అడుగులు పోగలదు. ఇండియా నుంచి పర్షియా, కాకసస్ మీదుగా మాస్కో మూడు అడుగులు. అంటే అదే వంతులో లేచి అదే వంతులో మాస్కోలో దిగవచ్చు. అడ్డేమీ లేదు.

"వచ్చే వంతుకు చూద్దాం," అన్నాను.

బావగారు పకోడీ నములుతూ, "ఏం బావా, కాపలా కలకత్తాకా, వాల్తేరుకా?" అన్నారు. ఆయనకు మా అమ్మమ్మ కథ తెలుసు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వుతూనే మూడు విమానాలను ఉన్నచోటే ఉంచి, ఇంకో మూడు కాల్బలాలు కొని కలకత్తాలో దింపి, వంతు ముగించాను. ఆ నవ్వులో తమ్ముడు కలవలేదని నాకు ఆ క్షణంలో కనిపించలేదు. మర్నాడు చెల్లెలు చెబితే తెలిసింది.

అప్పుడు నేను చెప్పుకున్న సమర్థన ఇది. విమానాలుంటే మేనల్లుడు దాడికి జంకుతాడు, జంకితే ఒక రౌండు కలిసొస్తుంది. వాడు జంకలేదు. తన వంతు రాగానే కాగితం మీద ఏదో కూడి, తీసేసి, ఉన్నదంతా కలకత్తా మీదికి తోశాడు. నాలుగుసార్లు పాచికలు వేశాం. నా కాల్బలం ఒక్కటొక్కటే పక్కకు వెళ్ళి, చివరికి మూడు విమానాలు మాత్రం మిగిలాయి. కాపలా కాసేవాడు వెనక్కి తగ్గే వీలు ఈ ఆటలో లేదు. అవి మూడూ కూలేసరికి వాడికి ఒక ట్యాంకు, మూడు విమానాలు మిగిలాయి. కలకత్తా పోయింది. వాళ్ళ ఖాతాలో నగరాలు ఎనిమిదయ్యాయి. ఇంకొక్కటి దొరికితే చాలు, ఆ ఒక్కటీ మాస్కో అని ఐదుగురికీ తెలుసు.

ఐదు నుంచి ఏడు రౌండ్ల దాకా ఒక రకమైన ఎదురుచూపు. కాకసస్ రెండుసార్లు చేతులు మారింది. నేను లండన్‌లో ఓడలు కట్టుకున్నాను. చెల్లెలి ఓడలు అట్లాంటిక్‌లో నెమ్మదిగా పోగయ్యాయి. కలకత్తాలో బాగా నలిగిపోయిన మేనల్లుడు మళ్ళీ బలగం కూడదీసుకుంటూ పర్షియా దాకా కూడా రాలేకపోయాడు. ఇది గుర్తుపెట్టుకోవాలి. బావగారు మాత్రం ప్రతి వంతులోనూ కాల్బలం, ఫిరంగి, ట్యాంకు అదే పాళ్ళలో కొంటూ, తొందర లేకుండా, మా తమ్ముడి గడప దాకా వచ్చి కూర్చున్నారు. ఆయన ఆట చూడడానికి ఏమీ బాగుండదు. తిరగలి విసురుతున్నట్టుంటుంది.

ఎనిమిదో రౌండు రాత్రి పదకొండున్నరకు మొదలైంది. మాస్కోలో తమ్ముడికి ఇరవై కాల్బలాలు, రెండు ఫిరంగులు, రెండు ట్యాంకులు, రెండు యుద్ధ విమానాలు, మొత్తం 26 పావులు. బావగారు తెచ్చినవి పన్నెండు కాల్బలాలు, నాలుగు ఫిరంగులు, ఏడు ట్యాంకులు, మూడు యుద్ధ విమానాలు, ఒక బాంబర్, మొత్తం 27. ఎవరి పావుల బలం ఎంతో అంకెలుగా కూడితే (ఏ అంకె దాకా పడితే దెబ్బ తగులుతుందో అదే ఆ పావు బలం; ఫిరంగి పక్కనున్న కాల్బలానికి దాడిలో బలం రెండవుతుంది) ఆయన దాడి బలం 58. తమ్ముడి కాపలా బలమూ సరిగ్గా 58. మర్నాడు ఆ అంకెలు రాసుకున్నప్పుడు తప్పు కూడామేమోనని మళ్ళీ కూడాం. అంకె సమానమే గాని ఆట సమానం కాదు. మొదటి దెబ్బకు తమ్ముడు పోగొట్టుకునే ప్రతి కాల్బలంతోనూ రెండు తగ్గుతుంది, బావగారు మొదట పోగొట్టుకునే ఉత్త కాల్బలంతో ఒకటే తగ్గుతుంది. ఆయన ట్యాంకులూ విమానాలూ చివరిదాకా నిలిచి కొడుతూనే ఉంటాయి.

పాచికలు కూడా కొత్తగా ఏమీ చేయలేదు. మొదటిసారి ఇద్దరికీ పదేసి పడ్డాయి. రెండోసారి తమ్ముడికి ఆరు, ఆయనకు ఏడు. మూడోసారి తమ్ముడికి నాలుగు పడినా, అతని దగ్గర పాచికలు వేయడానికి ఆ తర్వాత రెండు పావులే మిగిలాయి. ఆ రెండూ విమానాలే. అప్పుడతను పాచికలు చేతిలోకి తీసుకుని కాసేపు వేయకుండా పటం వైపే చూశాడు. అతనికి ఇండియా కనిపిస్తోందని నాకు అనిపించింది గాని, అతను దేని వైపు చూస్తున్నాడో అడగలేదు. నాలుగోసారితో మాస్కో పోయింది. బావగారికి ఐదు ట్యాంకులు, కొన్ని విమానాలు మిగిలాయి. రాజధాని పోతే ఖజానా కూడా గెలిచినవాడిదే కనుక, తమ్ముడి పేజీలోని అంకెను కొట్టేసి ఆయన తన పేజీలో రాసుకున్నారు.

వాళ్ళవి తొమ్మిది. కాని రౌండు ఇంకా పూర్తి కాలేదు. నా వంతు ఉంది, అమెరికా వంతు ఉంది. ఆ రెండింటిలో ఎవరమైనా ఒక నగరం లాగేస్తే ఆట బతుకుతుంది. లెనిన్‌గ్రాడ్‌లో బావగారి రిజర్వు గట్టిగా ఉంది. అందేది పారిసే. నాకు నాలుగు రవాణా ఓడలున్నాయి, చెల్లెలికి అందుబాటులో రెండే ఉన్నాయి. మిగిలిన రెండింటికి పెట్టాల్సిన డబ్బు ఎక్కడికి పోయిందో ఇంతకుముందే రాశాను.

ఇక్కడే ఆ కలిసి వెళ్ళకూడదన్న నియమం మా గొంతు పట్టుకుంది. నేను ముందు వెళ్ళి పారిస్‌ను వీలైనంత పలచన చేయాలి, ఆమె తర్వాత వచ్చి పట్టుకోవాలి. ఓడల మీంచి దిగిన బలగం ఇక వెనక్కి పోలేదు. నా ఎనిమిది పావులూ ఫ్రాన్స్ ఒడ్డున ఆఖరిదాకా నిలిచి పోయాయి. వాళ్ళకు మూడు కాల్బలాలు, ఒక ట్యాంకు మిగిల్చాను. మేనల్లుడు తన వంతును రెండు నిమిషాల్లో ముగించేసి అమెరికా వైపు జరిగి కూర్చున్నాడు. చెల్లెలు రెండు కాల్బలాలు, రెండు ఫిరంగులు దింపి, ఒక యుద్ధ విమానాన్నీ ఒక బాంబర్‌నూ తోడు పంపింది. అప్పటికి అమ్మా, అక్కా కూడా వచ్చి మా వెనక నిలబడ్డారు. దెబ్బ తగిలినప్పుడల్లా చెల్లెలు విమానాలనే తీసి పక్కన పెడుతూ వచ్చింది. నగరాన్ని పట్టుకోవాలంటే నేల మీద కనీసం ఒక్క పావు మిగలాలి కదా, విమానాలు ఊళ్ళను పట్టలేవు. అది సరైన పనే. చివరికి ఆమెకు ఒక ఫిరంగి, వాళ్ళకు ఒక ట్యాంకు మిగిలాయి. ఫిరంగికి రెండో అంతకంటే తక్కువో పడాలి, ట్యాంకుకు మూడో అంతకంటే తక్కువో.

చెల్లెలికి ఒకటి పడింది. మేం అరిచాం. అరుపు ఆగేలోపు బావగారు పాచిక వేశారు. మూడు.

రెండూ ఒకేసారి కొట్టుకున్నట్టు లెక్క కనుక ఫిరంగీ పోయింది, ట్యాంకూ పోయింది. పారిస్‌లో ఒక్క పావు లేదు. ఖాళీ పారిస్ ఎవరిదన్న దానికి నియమం స్పష్టంగా ఉంది: ఇద్దరూ నశిస్తే ఆ చోటు కాపలా కాసినవాడిదే. తొమ్మిది నగరాలు, రౌండు పూర్తి, ఆట పూర్తి. ఎవరూ లేని నగరంతో గెలిచామని బావగారు కూడా వెంటనే అనలేకపోయారు. "ఇదేం గెలుపురా!" అని అమ్మ అంటే, అష్టాచెమ్మాలో గవ్వలు కూడా ఇంతే కదమ్మా అన్నాడు మేనల్లుడు.

ఆ రాత్రి మా పాచిక పారలేదని మాకు మేం చెప్పుకున్నాం. ఆ మూడుకు బదులు నాలుగో ఐదో పడితే పారిస్ మాదయ్యేదన్నది నిజమే. కాని ముక్కనుమ నాడు అక్క మిగిలిన గారెలు పెరుగులో వేసి తెచ్చాక, తమ్ముడు మాటా పలుకూ లేకుండా మాస్కో పోరును మళ్ళీ పటం మీద పేర్చాడు. అవే 26 పావులు, బావగారివి అవే 27. పదిసార్లు ఆడి చూశాం. మాస్కో నిలిచింది మూడుసార్లు. తర్వాత అతను పెట్టెలోంచి నా లేత గోధుమరంగు విమానాలు మూడు ఏరి తెచ్చి మాస్కోలో నిలబెట్టాడు. కాపలా బలం 58 నుంచి 70 అయింది. ప్రతిసారి సగటున రెండు దెబ్బలు ఎక్కువ. మళ్ళీ పదిసార్లు ఆడాం. మాస్కో తొమ్మిదిసార్లు నిలిచింది. పోయిన ఆ ఒక్కసారీ నేనే జర్మనీ తరఫున పాచికలు వేశాను. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

బావగారు నా పక్షం మాట్లాడారు. ఆ విమానాలు కలకత్తాలో ఊరికే పోలేదని, మేనల్లుడి బలగాన్ని తినేశాయని, వాడు పర్షియా దాటలేకపోవడానికి అదే కారణమని వాదించారు. వినడానికి బాగానే ఉంది. నోట్‌బుక్ చూస్తే ఆ మూడు విమానాలు ఆ నాలుగు విడతల్లో పడగొట్టినవి ఏడు. అందులో ఎక్కువ భాగం మూడేసి ఐపీసీల కాల్బలమే. ముప్ఫై పెట్టి పాతికకు తక్కువ రాబట్టాను. పైగా మాస్కోను పట్టింది జర్మనీ ఒంటరిగా. జపాన్ అక్కడికి రానే లేదు, రావలసిన అవసరమూ పడలేదు. రానివాణ్ణి ఆలస్యం చేశానని సంతోషించడానికి ఏముంది? కాల్బలాన్ని కలకత్తాలో ఉంచడం తప్పు కాదని మాత్రం ఇప్పటికీ అనుకుంటున్నాను. అవి నడిచి మాస్కో చేరడానికి మూడు వంతులు పట్టేవి, దారిలోనే చిక్కుకునేవి. విమానాల విషయంలో అలాంటి సాకు లేదు.

ఇందులో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టినది ఇంకొకటి. 1942 ఏప్రిల్‌లో కొలంబో మీద, మా తీరం మీద, ట్రింకోమలీ మీద జపాన్ దాడులు జరిగాక, అసలు బ్రిటిష్ తూర్పు నౌకాదళం బంగాళాఖాతంలో నిలబడలేదు. ఎక్కువ భాగం తూర్పు ఆఫ్రికా తీరంలోని కిలిండిని రేవుకు తప్పుకుంది. వాళ్ళకు మా తీరం కంటే ఆ ఓడలు ముఖ్యం. అమ్మమ్మ కథ వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి ఆ సంగతి చదివినప్పుడల్లా నాకు కోపం వచ్చేది. చాప మీద బ్రిటన్‌గా కూర్చున్న నేను వాళ్ళు చేయని పని చేశాను. తీరాన్ని పట్టుకుని వేలాడాను. మ్యూజియంలో ఆ బాంబు ముందు నిలబడ్డ పిల్లవాడు చేయమన్న పని అది. దాని ఖర్చు మా తమ్ముడి పేజీలో పడింది. అతను ఆ పేజీ చింపకుండా నోట్‌బుక్ మూసి నాకిచ్చాడు.

సాయంత్రం పావులు సంచుల్లో సర్దుతుంటే బావగారు ఉగాదికి మళ్ళీ కూర్చుందామన్నారు. పక్షాలు మార్చాలన్నది మేనల్లుడి పట్టు. వాడికి బ్రిటన్ కావాలట, విమానాలను ఎలా వాడాలో చూపిస్తాడట. తమ్ముడు జర్మనీ అడిగాడు. మిగిలింది జపాన్. "నువ్వు తీసుకో మావయ్యా, బర్మా దారి నేను చెబుతా," అన్నాడు మేనల్లుడు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. ఆలోచించి చెబుతానన్నాను. ఇంకా చెప్పలేదు.